గొంతును భుజం చేసిన వాంగ్మూలం

మూడేళ్లలో జోహ్రా తన పోస్టు డబ్బా మీద పేరు పదకొండు సార్లు అతికించింది. కింది ఫ్లాటు మనిషి పదకొండు సార్లూ పీకేశాడు. జర్మనీలో డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. అలా వీసా ఆఫీసు అపాయింట్‌మెంటు ఒకటి పోయింది, కూతురు ఇల్మా టీకాల కాగితం పోయింది. “కాగితం ముక్క కోసం కొట్లాట ఎందుకు” అన్నాడు భర్త గౌస్. జోహ్రా పన్నెండో కాగితం కత్తిరించుకుంది.

ఆమెది కరీంనగర్. ఫ్రాంక్‌ఫర్ట్ పక్క ఊళ్లో ఒక కిటాలో, అంటే చంటిపిల్లల బడిలో, సహాయకురాలు. పిల్లలతో మాట్లాడేంత జర్మన్ వచ్చు, పోలీసులతో మాట్లాడేంత రాదు. దాడి కేసులో శిక్ష పడితే పిల్లల దగ్గర పని ఇక దొరకనట్టే.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, గుమ్మం బయట చెప్పులు పెట్టారని ఆ కింది ఫ్లాటు మనిషి పైకొచ్చాడు. తలుపు తీయగానే నెట్టుకుంటూ లోపలికొచ్చి, స్కార్ఫుతో సహా జోహ్రా గొంతు పట్టుకున్నాడు. నిరుడు ఆ వీధిలో దొంగలు పడ్డప్పుడు గౌస్ కొన్న గ్యాస్ పిస్తోలు చెప్పుల అల్మారా మీద ఉంది. గుండ్లు ఉండవు, మిరియాల గ్యాసు కొడుతుంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవచ్చు. చేతికందిన దాన్ని ఒక్కసారి పేల్చింది. అతను కళ్లు మూసుకుని మెట్లు దిగిపోయాడు. పోలీసులకు ఫోన్ చేసింది జోహ్రాయే.

ఇద్దరు వచ్చారు. మాట్లాడకుండా ఉండే హక్కు ఉందనీ, వకీలును పిలుచుకోవచ్చనీ ముందే చెప్పారు. సగం అర్థమైంది. గౌస్ ఎష్‌బోర్న్‌లో డ్యూటీలో ఉన్నాడు. మనవాళ్లకు ఆపద రాగానే ఏం చేస్తాం? పెద్దమనిషిని పిలుస్తాం. జోహ్రా కూడా పక్క బిల్డింగులో ఉండే భాస్కరరావు గారిని పిలిచింది. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి, మన తెలుగు సంఘం అధ్యక్షుడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

“సార్, గొంతు పట్టి పిసికిండు. ఊపిరాడలే. సచ్చిపోత అనుకున్న, అందుకే కాల్చిన.”

“అబ్బబ్బ, అలా అరవకమ్మా. పరాయి మగాడు మెడ పట్టుకున్నాడని రాయిస్తే రేపు మనవాళ్లు ఏమనుకుంటారు? నేను పద్ధతిగా చెప్తాగా.”

“మరి వకీలు సంగతేదో అంటున్నరు గద సార్?”

“వకీలు అన్నావంటే తప్పు చేశావనే. వీళ్లు మన ఊరి పోలీసులు కారమ్మా. ఒక్క సారీ చెప్పేస్తే సరి.”

పోలీసులకు జర్మన్‌లో అంతా ఆయనే చెప్పాడు, ఆమె కోసం సారీ కూడా. పోలీసులు రాసుకున్న కాగితం మీద ఆమె సంతకం పెట్టింది.

మూడు వారాల తర్వాత ఆ కాగితాన్ని, గౌస్ పెట్టిన వకీలు ఆఫీసులో పనిచేసే మనోజ్ఞ తెలుగులో చదివి వినిపించింది: “అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. మూడేళ్లుగా అతని మీద కోపం ఉంది. ఆ కోపంలో కాల్చాను. తప్పు నాదే.”

“గివి నా మాటలు కావు,” అంది జోహ్రా.

“సంతకం మీదే కదక్కా?”

“సార్ పెట్టమన్నడు, పెట్టిన.”

స్కార్ఫు కింద వేళ్ల గుర్తులు వారంలో మాసిపోయాయి. ఎవరూ ఫోటో తీయలేదు. ఇప్పుడు గొంతు పిసికినవాడు సాక్షి, ఊపిరి కోసం కొట్టుకున్న మనిషి నిందితురాలు. కేసు తేలేదాకా కిటాకు రావద్దన్నారు.

తాను మాటలు మార్చానని భాస్కరరావు గారు రాసిస్తే కేసు నిలబడటం కష్టమని వకీలు అన్నాడు. గౌస్ వెళ్లి అడిగాడు.

“నేను అబద్ధం చెప్పానని నా చేత్తో రాసివ్వమంటావా? ముప్ఫై ఏళ్ల పేరయ్యా ఇది.”

“మరి మా ఆమె పేరో సార్?”

“ఆవిడకేం, ఇంకో ఉద్యోగం దొరక్కపోదులే.”

ఆ తర్వాతి ఆదివారం ఉగాది సభలో ఆయనకు శాలువా కప్పారు. ‘ఆపద్బాంధవుడు’ అన్నారు. చప్పట్లు కొట్టిన వాళ్లలో సగం మందికి ఈ సంగతంతా తెలుసు. కొట్టి, పులిహోర తిని, చేతులు తుడుచుకుని వెళ్లారు. గొంతు పిసికినవాడి మీద కోపం వస్తుంది. వీళ్లను చూస్తే అసహ్యం వేస్తుంది.

చదివే మీకు ఇలాంటి రోజు వస్తే, పోలీసులకు పేరు, చిరునామా చెప్పండి. “నా మీద దాడి జరిగింది, నన్ను నేను కాపాడుకున్నాను, దెబ్బలు డాక్టరుకు చూపించాలి, ఫోటోలు తీయండి. మిగతాది వకీలు వచ్చాక చెప్తాను” అనండి. ఆగిపోండి. దుబాసీని పోలీసులనే తెప్పించమనండి, ఆ హక్కు మీకుంది. పెద్దమనిషిని పిలవకండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. ఈ మాటలు జర్మన్‌లో రాయించుకుని ఈ వారమే ఇంట్లో అందరికీ నేర్పండి.

జోహ్రా విచారణ మే పద్నాలుగున. సంఘం సభ్యులారా, భాస్కరరావు గారి నంబరు మీ అందరి ఫోన్లలో ఉంది. చేయండి. ఆమె ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు రాసివ్వమని అడగండి. రాసిచ్చేదాకా అడుగుతూనే ఉండండి.