మూడో అంతస్తులో కుక్కరు

మా అక్క మొగుణ్ణి వీధి వీధంతా విజిలాయన అని పిలుస్తారు. కుక్కర్లు బాగుచేయడం ఆయన పని. భుజాన గుడ్డసంచి, అందులో గాస్కెట్లు, వాల్వులు, పిడులు, ఒక స్క్రూడ్రైవరు. పొద్దున ఇల్లిల్లూ తిరిగి పాడైన కుక్కర్లు తెచ్చుకుంటాడు, వరండాలో కూర్చుని బాగుచేస్తాడు, సాయంత్రం తిరిగి ఇచ్చొస్తాడు. ఆ ఇంటికి తాళం ఉంటే మూత గట్టిగా బిగించి, సంచిలో పెట్టి గుమ్మం ముందు వదిలేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క కుక్కరూ పోలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా మాటలు కూడా నేనే మాట్లాడేస్తానని అక్క నన్ను ఏడిపిస్తుంటుంది. నేను వాళ్ళ పక్కింట్లోనే బట్టలు కుట్టుకుంటూ ఉంటాను. అందుకే జరిగిందంతా నా కళ్ళముందే జరిగింది.

ముందు టీవీ సంగతి చెప్పాలి. మా ఊళ్ళో వానలకన్నా హై అలర్టులే ఎక్కువ. ముష్కరులు చొరబడ్డారట అని ఎవరో అధికారి అంటాడు. ఎవరయ్యా, ఎక్కడయ్యా అంటే భద్రతా కారణాల వల్ల చెప్పకూడదట. ఇక చానెలువాడు గోరంతను కొండంత చేస్తాడు. ఎర్ర అక్షరాలు, చెవులు చిల్లులు పడే మోత. ఏమీ జరగకపోతే, మేం హెచ్చరించబట్టే జరగలేదంటారు. జరిగితే, ముందే చెప్పామా లేదా అంటారు. ఎటు తిప్పినా గెలుపు వాళ్ళదే! అసలు ఎక్కడా ఏమీ జరగదని నేననను. జరిగిన ఊళ్ళున్నాయి, పోయిన ప్రాణాలున్నాయి. అందుకే నాకు మరీ ఒళ్ళు మండేది. నిజంగా ప్రమాదం ముంచుకొచ్చిన రోజున వీళ్ళ మాట ఎవరు వింటారు?

ఆ పొద్దున అలర్టులో కొత్త సరుకు వచ్చింది. కుక్కర్లు, టిఫిను డబ్బాలు. గుమ్మం దగ్గర కనిపిస్తే తాకొద్దు, వెంటనే ఫోను చెయ్యండి అన్నారు.

"బావా, ఇక నీ ఫొటో వెయ్యడమొక్కటే తక్కువ" అన్నాను.

బావ నవ్వుకుంటూ సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఒక అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో ఇవ్వాల్సిన కుక్కరును ఏదో ధ్యాసలో మూడో అంతస్తు గుమ్మం ముందు పెట్టేశాడు. ఆ ఇంటివాళ్ళు ఆయనకు కుక్కరు ఇవ్వనేలేదు. తలుపు తీసి చూసి గావుకేక పెట్టారు. బిల్డింగంతా ఖాళీ చేయించారు, బాంబు స్క్వాడు దిగింది, కెమెరాలు దిగాయి. మా బావ ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడు. "అయ్యా, అది నేను పెట్టిందే, కొత్త గాస్కెట్ వేశానంతే" అంటూ ఎదురెళ్ళాడు. పిచ్చి మారాజు! ఎదురెళ్ళినవాణ్ణి ఎదురెళ్ళినట్టే జీపెక్కించారు.

మర్నాడు, సరే పొరపాటు, వెళ్ళిపో అని వదిలేశారు. టీవీలో మాత్రం ఆయన ముఖం చుట్టూ ఎర్ర గీత గీసి చూపించిందే చూపించారు. వదిలేశారన్న ముక్క ఒక్కడూ చెప్పలేదు. నేను చానెలుకు ఫోను చేసి నిలదీశాను. "అది పాత వార్త అయిపోయిందండీ" అంది అక్కడి అమ్మాయి. నాకు తిక్క రేగి ఏమన్నానో ఇక్కడ రాయను.

ఆ తర్వాత ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎప్పటినుంచో తెలిసినవాళ్ళే ముఖం చాటేశారు. ఇంట్లో ఎవరూ లేరని ఇంట్లోవాళ్ళే కేకేసి చెప్పేవారు. బావ కుక్కరు మూతలు విప్పి చేత్తో పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు, లోపల ఏమీ లేదని దారినపోయేవాళ్ళకు కనిపించాలని. 

"వేరే పనేదైనా చూసుకోరాదూ" అంది అక్క.

"ఇది తప్ప నాకేం వచ్చు?" అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. అక్క ఇంట్లో లేదు.

"ఏమైంది బావా?"

"బస్టాపులో గోనెసంచి ఉంది. లోపల సిలిండరు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఫోను చేసి చెప్పాను."

"ఎవరిదట?"

"ఏమో."

"నీకు మతిపోయిందా? నిన్ను నవ్వులపాలు చేసినవాళ్ళ పాటే నువ్వూ అందుకున్నావా?"

"నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను కదా. ఇంకెవరైనా ముందు చూసి చెబితే, మళ్ళీ నన్నే పట్టుకుపోతారు" అన్నాడు.  

ఆ సంచి బడి గేటు దగ్గర బుడగలమ్మే అతనిది. బుడగల్లో గ్యాసు నింపే సిలిండరు అది. దాన్ని అక్కడ దించి పంపు దగ్గరికి నీళ్ళు తాగడానికి వెళ్ళాడట. అతన్నీ జీపెక్కించారు, అతని ముఖం చుట్టూ కూడా ఎర్ర గీత గీశారు, అతన్నీ వదిలేశారు.

అప్పటినుంచి మా బావకు తలుపులు తెరుచుకున్నాయి! "పాపం, విజిలాయన మంచోడే. అసలోడు దొరికాడుగా" అనుకున్నారు జనం. వరండా నిండా మళ్ళీ కుక్కర్లే. అక్క ముఖం వెలిగిపోయింది. బావ మాత్రం తలెత్తకుండా పని చేసుకునేవాడు, అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

ఒక సాయంత్రం బుడగలతను వరండాలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. నేను మంచినీళ్ళిచ్చాను.

"బడి గేటు దగ్గరికి రానివ్వడంలేదన్నా. సిలిండరూ తిరిగివ్వలేదు. నీకు జరిగిందే నాకూ జరిగింది. నీకైతేనే అర్థమవుతుందని వచ్చాను" అన్నాడు. "ఆ ఫోను చేసినవాడికి నేనేం అన్యాయం చేశానో!"

బావ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నేనే చేశానురా."

అతను నవ్వేశాడు. "ఊరుకో అన్నా. నీకు కూడా నేను ఎగతాళైపోయానా?"

బావ నవ్వలేదు. మెల్లగా అతని నవ్వూ ఆగిపోయింది. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేశాడు. తర్వాత, బావకు తనే దారి చూపిస్తున్నట్టు అన్నాడు:

"పోనీలే అన్నా. అది నా సంచని నీకు తెలియదు కదా."

తెలియదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. బావ నాకన్నా ముందే అన్నాడు.

"తెలుసురా."