అంబలి కుండలో ప్యాకెట్టు

మాకు అక్కని అప్ప అనడం అలవాటు. మా అప్పది అరసవల్లి, గుడికి నాలుగు వీధుల అవతల ఇల్లు. పెళ్లై ఆ ఊరు వెళ్లిన దగ్గర్నుంచీ రథసప్తమి దర్శనం ఒక్క ఏడాది కూడా తప్పలేదు. ఈసారి సంక్రాంతి వెళ్లగానే ఆవిడకి టైఫాయిడ్ వచ్చింది. విజయనగరం తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాం.

జ్వరం తగ్గింది. రథసప్తమి తొమ్మిది రోజులుందనగా డాక్టరు చూసి, "తిండి తిని ఓపిక తెచ్చుకుంటే వెళ్లండి. ఇలాగే ఉంటే మాత్రం ఆ లైన్లో నిలబడొద్దు" అన్నాడు.

చిక్కంతా ఆ తిండి దగ్గరే. ఇడ్లీ తుంచి పక్కన పెట్టేసేది. బార్లీ నీళ్లు చూస్తే మొహం తిప్పేసుకునేది. ఆవిడ గొంతు దిగేది ఒక్కటే, చోడి అంబలి. మిగతా వాళ్లు రాగులనే వాటిని మేం చోళ్లంటాం.

అంబలి కాచే పద్ధతి మా ఆవిడ మా అమ్మ దగ్గర నేర్చుకుంది. చోడి పిండి నీళ్లలో జారుగా కలిపి మట్టికుండలో రాత్రంతా పులవనిస్తుంది. పొద్దున్నే నూకలతో కలిపి ఉడికిస్తుంది. చల్లారాక ఇంత మజ్జిగ, ఉప్పు, పక్కన ఉల్లిపాయ. కుండని మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యదు. అడుగున రెండు గరిటెల పులిసిన పిండి ఉంచి, మర్నాటి పిండి దానిమీదే కలుపుతుంది. పాలకి తోడు ఎలాగో, పిండికి అది అలాగ. చలికాలంలో ఆ తోడు లేకపోతే పిండి పులవడానికి రెండు రోజులు పడుతుంది.

సరిగ్గా అప్పుడే బొబ్బిలిలో మా ఆవిడ చెల్లెలి కూతురికి ఓణీల ఫంక్షను వచ్చింది. అయిదు రోజులకని బయల్దేరుతూ నాకు కుండ చూపించింది, పిండి డబ్బా చూపించింది.

"పిండి రెండు రోజులకి వస్తుంది. ఆ తరవాత సంచిలో చోళ్లున్నాయి, మిల్లుకి తీసుకెళ్లి ఆడించండి. కుండ తోమకండి, తోడు పారబొయ్యకండి" అంది.

రెండు రోజులు బుద్ధిగానే చేశాను. అప్ప పూటకో గ్లాసు తాగింది. పెరటి గుమ్మం దాకా నడిచింది కూడా. మూడోనాడు సాయంత్రం మిల్లుకి వెళ్లడానికి బద్ధకమేసింది. మా వీధి చివర కొత్త సూపర్ మార్కెట్లో ఒక అర ఉంది. దాన్నిండా ఆర్గానిక్, నేచురల్ అని రాసిన ప్యాకెట్లే. అందులో ఆకుపచ్చ ఆకు బొమ్మతో ఒకటి, ఇన్‌స్టంట్ రాగి అంబలి మిక్స్. మామూలు పిండి కంటే మూడింతల ధర. అప్ప కోసమే కదా అనుకుని తెచ్చాను. మంచి సరుకు కొన్నానని మనసులో కాస్త గర్వం కూడా.

ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం నీళ్లలో కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టాను.

తెల్లారి గుడ్డ విప్పేసరికి కుండ అంచుల మీదుగా నురగ కారి గట్టంతా పాకింది. వాసన మంచం మీదున్న అప్ప దాకా వెళ్లింది.

"ఒరే తమ్ముడూ, ఏటిరా ఆ కంపు? ఏటి సచ్చింది కుండలో?"

అప్పుడు ప్యాకెట్టు తిప్పి వెనక వైపు చదివాను. రాగి పిండి, బెల్లం పొడి, పాల పొడి, యాలకులు. వేడినీళ్లలో కలుపుకుని వెంటనే తాగండి అని కూడా ఉంది. చిన్న అక్షరాలే అయినా స్పష్టంగానే రాశాడు. పాలూ బెల్లమూ తీసుకెళ్లి పులిసిన తోడులో రాత్రంతా నానబెట్టింది నేను.

అప్ప మొత్తం విని, ఓపిక లేకపోయినా లేచి కూర్చుంది.

"ముప్పయ్యేళ్లు పేపర్లో ఒకల తప్పులు దిద్దినోడివి. అట్ట ఎనక ఏటుందో సదవలేదేటిరా?"

నిజమే. డెస్కులో ఉన్నన్నాళ్లూ కుర్రాళ్లకి నేను చెప్పిన మాట, హెడ్డింగు చూసి నమ్మకండి, వార్త ఆఖరి పేరా దాకా చదవండి అని.

అదే మిక్స్ చెప్పినట్టు వేడినీళ్లలో కలిపి ఇచ్చాను. ఒక్క గుటక వేసి గ్లాసు కింద పెట్టేసింది. "పాయసంలాగున్నాది. బాగానే ఉన్నాది గానీ నా నోటికి పులుపు కావాలి, తీపి కాదు." మధ్యాహ్నం కూడా ఏమీ తినలేదు. పండగ ఇంకా ఆరు రోజులే ఉంది. సాయంత్రానికి, "పోనీలేరా, ఈయేడు టీవీలో సూస్తాను" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ కోప్పడితే భరించగలను గానీ, ఆ పోనీలే అన్నది మాత్రం వినలేకపోయాను.

మర్నాడు తెల్లవారగానే స్టీలు టిఫిను పట్టుకుని బయల్దేరాను. పొద్దున్న వాకింగు చేసేవాళ్లు తిరిగే మైదానం పక్కన ఒకావిడ బండి మీద అంబలి అమ్ముతుంది. నేనూ అప్పుడప్పుడు తాగేవాణ్ణే. అడగ్గానే నవ్వింది.

"తోడా బాబూ? అంబలి అడుగుతారు గానీ తోడు ఎవులూ అడగలేదు. మీ ఇంట్లో కుండ నేదా?"

జరిగింది చెప్పాను. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"పాలపొడి ఎట్టుకెళ్లి అంబలి కుండలో ఎయ్యడమేటి! సదువుకున్నోలకి ఇదొకటి. ఆ కుండ మరి పనికిరాదు, వాసన పట్టేస్తాది. కొత్తది కొను."

టిఫిను నిండా తోడు పోసింది. నేను మొహమాటపడుతూ, "పిండి మీరే విసురుతారా?" అనడిగాను.

"నానెక్కడ ఇసురుతాను బాబూ, బండి ఎవులు తోస్తారు?" అని కింది అరలోంచి ఒక ప్యాకెట్టు తీసి చూపించింది. అదీ ఆర్గానిక్కే. పార్వతీపురం అవతల కొండల్లో ఆడవాళ్లు కొందరు కలిసి పండించి, ఆడించి అమ్ముతున్నారట. బొమ్మ లేదు. వెనక్కి తిప్పి చూశాను. ఈసారి మర్చిపోలేదు. సరుకులన్న చోట ఒక్కటే మాట, చోళ్లు. "మిల్లు పిండిలో ఒక్కోపాలి ఇసక తగుల్తాది. ఇందులో నేదు. పది రూపాయలెక్కువైనా నాకిదే నయం" అంది. ఎక్కడ దొరుకుతుందో అడిగి, వచ్చేదారిలో ఒక ప్యాకెట్టూ, కొత్త కుండా కొన్నాను.

కుండని ఆ పగలంతా నీళ్లలో నానబెట్టి, సాయంత్రం తోడు పోసి పిండి కలిపాను. మర్నాడు పొద్దున్న గుడ్డ విప్పి ముందు నేను వాసన చూశాను, తరవాత అప్ప చూసింది. కాచి ఇచ్చాక గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపింది. బొబ్బిలి నుంచి వచ్చిన మా ఆవిడ కుండ కొత్తదని గుమ్మంలోంచే కనిపెట్టింది గానీ, అప్ప చేతిలో ఉల్లిపాయ చూసి నన్ను వదిలేసింది.

ఆర్గానిక్ ప్యాకెట్లు కొనొచ్చా అని ఇప్పుడెవరైనా అడిగితే, కొనండనే అంటాను. వెనక్కి తిప్పి చదివి, దాన్ని ఏ పనికి చేశారో ఆ పనికే వాడమంటాను. ఆకు బొమ్మ మిక్స్‌ని నేను పారెయ్యలేదు. సాయంత్రాలు టీ బదులు వేడినీళ్లలో కలుపుకుని మా ఆవిడా నేనూ తాగాం. హాయిగానే ఉంది.

పండగ ముందురోజు అప్పని బస్సులో అరసవల్లి దింపాను. దారిపొడుగునా ఆవిడ తోడున్న టిఫిను ఒళ్లోంచి దించలేదు. మిగిలిన మిక్స్ కూడా మనవలకని సంచిలో వేసుకుంది.

రథసప్తమి నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనకాల మైకులూ, ఆటో హారన్లూ.

"నిలబడ్డాన్రా. మధ్యలో ఒక్కపాలి కూకున్నాను, అంతే. బాగా అయింది దర్శనం."

"ఒంట్లో ఎలా ఉంది?"

"ఆకలేస్తన్నాది. ఒరే, మళ్లీ వచ్చినప్పుడు ఆ కొండోల పిండి రెండు తే. మా మనవలకి ఆకు బొమ్మది నచ్చిందట, అదీ ఒకటి తే. ఏది కుండలోదో, ఏది గ్లాసులోదో అట్ట మీద పెద్ద అచ్చరాలతో రాసి మరీ తే. నీకు సిన్నవి కనపడవు."