వాడుకలో లేని నంబరు

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. నా భయాలన్నీ ఉన్నవాటి గురించే. గ్యాస్ కట్టేశానా లేదా, పాప గొంతులో ద్రాక్షపండు అడ్డం పడుతుందేమో, బాల్కనీ గ్రిల్లులో తల ఇరికించుకుంటుందేమో. వీటితోనే సరిపోతుంది, లేనివాటికి భయపడే తీరిక ఎక్కడిది? పైగా డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఇంట్లో ఇద్దరూ నిద్రపోయాక రాస్తున్నాను.

మేం విజయవాడలో అద్దెకుంటాం. మావారు బట్టల హోల్‌సేల్ షాపులో పనిచేస్తారు. మా పాప లాస్య నెలలు నిండకుండా పుట్టి, చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంది. అప్పుడు మా అత్తగారు గుణదల కొండ మీది మేరీమాతకు మొక్కుకున్నారు. మేం హిందువులమే, అయినా మా వైపు చాలా ఇళ్ళల్లో ఆ కొండకొక మొక్కు ఉంటుంది. పాపకు మూడో ఏడు నడుస్తుండగా ఆ మొక్కు తీర్చడానికి తిరునాళ్ళకు వెళ్ళాం.

కొండ కింద పోలీసులు బల్ల వేసుకుని చిన్నపిల్లల చేతికి పట్టీలు కడుతున్నారు. పట్టీ మీద తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాస్తారు. పిల్లలు తప్పిపోతే దాన్ని చూసి ఫోన్ చేస్తారు. వెనక నుంచి జనం తోస్తున్నారు. బల్ల దగ్గరున్న హోంగార్డు నంబరు త్వరగా చెప్పమన్నాడు. గడగడా చెప్పేశాను.

కొంత దూరం నడిచాక మావారు ఆగారు.

"నువ్వు చెప్పింది నీ పాత నంబరు కదా?"

నిజమే. అది కాలేజీ రోజుల్లో తీసుకున్న నంబరు. పెళ్ళయ్యాక రీచార్జి మానేస్తే కంపెనీవాళ్ళు ఎప్పుడో తీసేశారు. కొత్తది ఆలోచించుకుంటే గానీ రాదు, కంగారులో నోటికొచ్చేది పాతదే. వెనక్కి వెళ్దామంటే దారి ఒకవైపే, రెండు పక్కలా వెదురు కర్రలు కట్టేశారు. నేను గొణుగుతూనే ఉన్నాను. పాప చెయ్యి తన చేతిలోనే ఉందని, దిగేటప్పుడు మార్పిద్దామని ఆయన సర్దిచెప్పారు.

కొండ మీద కొబ్బరికాయ కొట్టడానికి ఆయన ఆ చెయ్యి వదిలారు. నేను పట్టుకోవాలి. నేనేమో గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తికి రెండు చేతులూ అడ్డం పెట్టాను. తల తిప్పేసరికి పాప లేదు.

ఆ తరవాత నేనెలా పరిగెత్తానో నాకు సరిగ్గా గుర్తులేదు. మనసులో ఒకటే తిరుగుతోంది. పాపకు ఇంటిపేరు రాదు, ఊరు చెప్పడం రాదు. చేతికున్న నంబరు చచ్చిన నంబరు. ఇంకో ఘోరం కూడా ఉంది. పాప అన్నం తిననప్పుడల్లా నేను "పోలీసొచ్చి పట్టుకెళ్తాడు" అని బెదిరించేదాన్ని. మా పాపకు ఖాకీ వేసుకున్న ప్రతివాళ్ళూ పోలీసే. ఆటో డ్రైవరూ పోలీసే, అపార్ట్‌మెంటు వాచ్‌మనూ పోలీసే. దగ్గరకు తీసేవాళ్ళను చూసే పారిపోయేలా నేనే తయారుచేసి పెట్టాను.

మైకులో చెప్పిద్దామని మావారు నన్ను కిందికి లాక్కొస్తుంటే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఒక ఆడమనిషి.

"పచ్చగౌను పాప మీ పాపేనా అమ్మా? కింద పోలీసు టెంటులో ఉంది. భయపడకండి, తను ఏడవట్లేదు, మమ్మల్నే ఏడిపిస్తోంది."

టెంటులోకి వెళ్ళేసరికి లాస్య బల్ల కింద దూరి కూర్చుంది. బయట నేల మీద నా వయసే ఉన్న లేడీ కానిస్టేబులు చతికిలబడి ఉంది. పట్టీ చదువుదామని చెయ్యి పట్టుకుంటే కొరికిందట. పంటిగాట్లు చూపించింది. నన్ను చూసి పాప బయటికొచ్చి నా మెడకు కరుచుకుపోయింది. అప్పుడు ఏడ్చాం, ఇద్దరం.

"ఇంట్లో మమ్మల్ని చూపించి అన్నం పెడతారా అమ్మా?" అంది కానిస్టేబులు.

నేను తలదించుకున్నాను.

"పర్లేదులెండి. మా అమ్మయితే మా బాబుకి నన్నే చూపించి పెడద్ది. అదుగో మీయమ్మ డ్యూటీ నుంచొచ్చిందిరా, తినకపోతే లోపలేసిద్ది అని."

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే మావారు పాప చెయ్యి తిప్పి పట్టీ చూశారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. పట్టీ మీద ఉన్నది పాత నంబరే. నీలం సిరాతో ఒక్కో అంకె విడివిడిగా, స్పష్టంగా రాసి ఉంది.

మీరు ఏ నంబరుకు చేశారండీ అని అడిగాం. పట్టీ చూసే కొట్టానని ఆవిడ తన ఫోన్ చూపించింది. చివరి కాల్ మా పాత నంబరుకే వెళ్ళింది. నా ఫోన్లో చివరగా వచ్చిన కాల్ ఆవిడ నంబరు నుంచే. రెండు ఫోన్లలోనూ టైము ఒకటే. మావారు రెండు తెరలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీశారు. ఆవిడ మా ఎదుటే ఆ నంబరుకు మళ్ళీ కొట్టి స్పీకర్ పెట్టింది. ఆ నంబరు వాడుకలో లేదని కంపెనీ గొంతు చెప్పింది.

టెంటులో ఉన్న హెడ్ కానిస్టేబుల్ గారు ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. కాల్ ఫార్వార్డింగ్ పెట్టుకున్నారేమో అన్నారు. తీసేసిన సిమ్ముకు ఫార్వార్డింగ్ ఎలా ఉంటుంది? ఆయన ఫోన్ ఆవిడకు తిరిగిచ్చేశారు.

"కేసులు తేల్చేది ఎస్సై గారమ్మా, నేను కాదు. పాప దొరికింది, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు.

తరవాత బెంజ్ సర్కిల్ దగ్గర ఫోన్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఆ నంబరు మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదని, దానికి కాల్ కలిసే అవకాశమే లేదని అక్కడి కుర్రాడు చెప్పాడు. ఫోటో చూపిస్తే, ఎడిట్ చేశారా మేడం అన్నాడు. మావారు ఇప్పటికీ నెట్‌వర్క్‌లో ఏదో తేడా అంటారు. ఏం తేడా అంటే చెప్పలేరు. చదువుకున్న నేనూ చెప్పలేను.

ఎవరికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెట్టుకున్నాను. మేరీమాతకు పెట్టాను. చేతికి పంటిగాట్లు పడ్డా నేల మీద కూర్చుని, పాప వంక చూస్తూ ఫోన్ చేసిన ఆ అమ్మాయికి పెట్టాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాను, పాప బాగా తింటోందా అని అడుగుతుంది. ఆ కాల్‌ను నాదాకా తెచ్చింది ఎవరైనా, ఏదైనా, దానికీ పెట్టాను.

ఇప్పుడు స్కూల్లో గానీ ఆసుపత్రిలో గానీ నంబరు ఇస్తే, నా ఎదురుగా ఒకసారి రింగ్ ఇవ్వమని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. ఒక్కసారి నాకు కలిసింది. మళ్ళీ కలుస్తుందని మాత్రం నేను అనుకోను.