పారుల్ ఇంటి బాతుగుడ్లు

ఆ పుష్యమాసంలో మా ద్వీపపు రేవు కూలిపోయి, గుడ్లు కొనే వ్యాపారి పడవ రావడం మానేసింది. మా పక్కింటి పారుల్‌కు ముప్పై అయిదు బాతులు. అవి చలికాలంలోనే జోరుగా పెడతాయి. రోజూ తెల్లారేసరికి గడ్డిలో పాతిక గుడ్లకు తక్కువ ఉండేవి కావు. ఊళ్లో అందరి ఇళ్లలోనూ బాతులే. ఊరికే ఇస్తామన్నా పట్టుకెళ్లేవారు లేరు.

పారేయడానికి చేతులు రాక పారుల్ వండడం మొదలుపెట్టింది. పొద్దున బంగాళాదుంపతో, రాత్రికి నూరిన ఆవాల ముద్దతో, మర్నాడు వంకాయతో. నీచువాసన పోవడానికి అల్లం నూరీ నూరీ ఆమె అరచేతులు మండిపోయేవి.

మూడోవారంలో భర్త నిశికాంత్ కంచం వెనక్కి నెట్టాడు. "మళ్లీ గుడ్డేనా? ఇంకో వారం ఇలాగే పెట్టావంటే నేనే గుడ్లు పెట్టేస్తాను!"

"పెట్టు. అవీ వండుతాను," అంది పారుల్. నవ్వే ఓపిక ఆమెకు లేదు.

అత్తగారు ఖాంతమణి, మా వైపు విధవల ఆచారం ప్రకారం, భర్త పోయినప్పటి నుంచి పందొమ్మిదేళ్లుగా చేప, గుడ్డు ముట్టలేదు. ఆమెకు వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో పారులే వండాలి. వసారా చివర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇది ఇల్లా, బాతుల దొడ్డా?" అని ఆవిడ సణిగేది.

ఒక మధ్యాహ్నం పారుల్ పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. నిశికాంత్ పొలంలో ఉన్నాడు.

"పొద్దున్నుంచీ ఏం తిన్నావే?" అంది ఖాంతమణి.

"వడ్డించేసరికే ప్రాణం పోతోందమ్మా. ఇంకేం తింటాను?"

ముసలావిడ రెండు గుడ్లు ఉడికించి, వలిచి, మెత్తటి అన్నంలో మెదిపి పక్కన కూర్చుంది.

"అమ్మా, మీరు ముట్టుకున్నారు!"

"స్నానం చేస్తాలే. ముందు నోరు తెరు."

సగం తిన్నాక పారుల్, "మీరూ ఒక్క ముద్ద తినండి. ఎవరికీ చెప్పను," అంది. ఖాంతమణి గుమ్మం వైపు చూసింది. గబుక్కున ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఉప్పు చాల్లేదు," అంది చివరికి.

సాయంత్రం నిశికాంత్ వచ్చేసరికి పొయ్యి ముందు తల్లి ఉంది. వండింది గుడ్ల కూరే. అతను కిక్కురుమనకుండా తిన్నాడు. పారుల్ రెండు రోజులు లేవలేదు. ఆ ముద్ద సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది, అదీ అత్తగారు పోయాక.