మూడోసారి పలికిన మాట

తొరపాడిలో మా సంఘం ఉంది అని రాయబోయి ఆగాను. నలభై ఒక్క ఏళ్లు నేను కావాలని అనని మాట అది. అక్కడ 'మా' అనకూడదు.

సంఘం పెట్టిన పెద్దయ్య గుడియాత్తంలో లుంగీలు నేసినవాడు. తొలి విశ్వాసులు అన్నీ ఉమ్మడిగా ఉంచుకున్నారని తమిళ బైబిలులో చదివి, పదకొండు కుటుంబాలను వెంటబెట్టుకుని వచ్చి ఒకే వంటశాల పెట్టాడు. 'మా' అంటే ఎదుటివాణ్ని బయట నిలబెట్టడమేనని ఆయన బోధ. మన ఇల్లు, మన సంగటి, మన పిల్లలు అనాలి. ఒక వారంలో మూడుసార్లు 'మా' అని నోరు జారినవాళ్లు ముప్పై రోజులు సొంత ఊరికి వెళ్లి, నాలుక సర్దుకుని రావాలి.

ఆ లెక్క రాసే పని నాకిచ్చాడు. అక్కడందరూ తెలుగు మాట్లాడేవాళ్లే కానీ చదవగలిగింది నేనొక్కదాన్నే. ఏం రాసినా పట్టుకునేవాళ్లు లేరు. అందుకే ఎప్పుడూ తప్పు రాయలేదు.

నా పేరూ రాసుకున్నాను. నేను కన్న పాపకు తట్టు పోసినప్పుడు పిల్లలందరినీ ఉంచే గదిలోకి నన్ను రానివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి 'మా పాప' అన్నాను. మూడోసారి అన్నది పెద్దయ్య ఎదుటే.

"రాసుకోమ్మా" అన్నాడు.

రాసుకుని గుడియాత్తం బస్సెక్కాను. తిరిగి వచ్చేసరికి పాప మిగతా ఆడవాళ్లను పిలిచినట్టే నన్నూ 'అక్కా' అంది.

ఈ ఏడు వానలు తగ్గాక పెద్దయ్య మంచం పట్టాడు. వేలూరు ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని పంపేశారు. మంగళవారం సంగటి ముద్ద తోసేసి, "మాయమ్మ ఇట్ల చెయ్యదు" అన్నాడు. శుక్రవారం, "మా మగ్గం గుంతలో నీళ్లు చేరినాయేమో" అన్నాడు. రెండూ రాశాను.

ఇప్పుడు సంఘం నడిపే పెద్ద నా చేతిలోని కలం పట్టుకున్నాడు.

"జొరంలో అనే మాటలు, విడుంగక్కా, రాయొద్దు. ఆయన ఈడనే కన్ను మూయాల, ఈడనే మన్ను చెయ్యాల. ఊరికి పోయినాడంటే మనల్ని ఎవురు నమ్మతారు?"

"బిడ్డ జొరంలో నేననింది లెక్కకొచ్చింది నాయనా."

"తక్కెడ మింగి పుట్టినట్టుండావు నువ్వు" అని కలం వదిలేశాడు.

శనివారం సాయంత్రం ప్రార్థన గంటతో వారం లెక్క ముగుస్తుంది. ఆ మధ్యాహ్నమంతా పెద్దయ్య నిద్రపోయాడు. లెక్క పుస్తకం ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. నడుము లాగేస్తోంది. లేపి, యాడికి పోవాలని అడిగితే మూడో 'మా' వస్తుందని తెలుసు. అడిగి పలికించింది లెక్కలోకి రాదు. అడగలేదు.

గంట కొట్టడానికి పది నిమిషాలుందనగా కళ్లు తెరిచాడు.

"ఎన్నయినాయమ్మా?"

"రెండు, పెద్దయ్యా."

నా వైపు తిరిగి, "మా ఊరు" అన్నాడు. ఊపిరి తీసుకుని, "రాసుకోమ్మా" అన్నాడు.

రాసుకున్నాను. సంఘం పెద్దకు పుస్తకం చూపించాను. తెలుగు అక్షరాలు రావు కాబట్టి పేరు పక్కనున్న మూడు గీతలను చాలాసేపు చూశాడు. ముప్పై రోజులని నియమం. పెద్దయ్య దగ్గర అన్ని రోజులు లేవని ఇద్దరికీ తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక అతనే వ్యాను తెచ్చాడు, తలకింద దిండు కూడా అతనే సర్దాడు.

గుడియాత్తం దారిలో పళ్లికొండ దాటాక పెద్దయ్య నా చెయ్యి తడిమాడు.

"మనూరు ఇంకా ఎంత దూరముండాదమ్మా?"

ఆయనా నేనూ ఒకే ఊరివాళ్లం. ఆ మాటలో తప్పు లేదు. ఉన్నా, పుస్తకం తొరపాడిలోనే వదిలేసి వచ్చాను.

"అరగంట" అన్నాను.

ఇరవై ఆరు నిమిషాలు పట్టింది.