గొంతు ముందు, మనిషి వెనక

దయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. చనిపోయినవాళ్ళు ప్రభువు చేతిలో ఉంటారు, వేపచెట్ల మీద తిరగరు అని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. పైగా ఇది చనిపోయినవాళ్ళ సంగతి కాదు. ఆ రోజు మా పెద్దమ్మ బతికే ఉంది. నా పక్కనే, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. అందుకే నాకు అర్థం కాదు.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అమ్మకు అక్క ఎస్తేరు పెద్దమ్మ. నాటకాల్లో ఆమె పేరు తారామణి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేరుస్తూ పాడుకునే పిల్లను నాటకాల ఆయనొకడు విని పిలుచుకుపోయాడట. ఆ తర్వాత ఒట్టపిడారం, నాగలాపురం, కయత్తారు, అమ్మవారి జాతర జరిగే ఊరల్లా ఆమెదే.

ఆ నాటకాలకు రిహార్సల్ ఉండదు. ఒక్కొక్కరు ఒక్కో ఊరి నుంచి వచ్చి ఆ సాయంత్రం కలుస్తారు. కథానాయిక మొదట కనబడదు. తెర వెనక నిలబడి పాట ఎత్తుకుంటుంది. హార్మోనియం ఆమె శ్రుతి అందుకుంటుంది. జనం గొంతును బట్టి వచ్చిందెవరో పోల్చుకుని ఈలలు వేస్తారు. అప్పుడు తెర తొలగించుకుని మనిషి వస్తుంది.

“ముందర గొంతు పోవాల, యెనకనే మనిసి పోవాల. దాన్ని ఒంటిగా నిలబెట్టగూడదు పాపా. అది బిడ్డ మాదిరి,” అనేది పెద్దమ్మ.

వయసు మళ్ళాక సినిమాలకు పిలిచారు. మొదట అమ్మ వేషాలు, తర్వాత సీరియళ్ళలో అవ్వ వేషాలు. చెన్నై రైలెక్కి వెళ్ళి, ఏడ్చి, తిరిగి వచ్చేది. అక్కడ ఆమె గొంతు వాడుకోలేదు. వేరే ఎవరో డబ్బింగ్ చెప్పేవారు. టీవీలో తన పెదవుల మీద ఇంకొకరి గొంతు విని, “ఎవరి బిడ్డో నా ఒళ్ళో కూసుండాది,” అని నవ్వేది.

సీరియళ్ళలో ఆమె చావులు మా వీధిలో పెద్ద వేడుక. “ఏమక్కా, నిన్న సస్తివి గదా!” అని ఎదురింటామె కేకేసేది.

“సస్తిని. సచ్చి, రైలెక్కి వచ్చి, రసం పెడితిని. రా, తాగిపో!”

ఇంత పాడిన మనిషి ఒక్క చోట నోరు తెరవలేదు. మా చర్చిలో. పడుచుతనంలోనే ఒక సంఘపెద్ద ఆమెతో, వేరే దేవతల వేషం కట్టిన గొంతు పీఠం ముందు వద్దన్నాడట. ఆమె ఎదురు చెప్పలేదు. ఆదివారం మానలేదు. చివరి బెంచీలో పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని, పెదవులు బిగించుకుని కూర్చునేది. పాడమని నేనంటే, “వద్దన్నోళ్ళే రమ్మనాల,” అనేది. ఆ పెద్దాయన పోయాడు. రమ్మనాలని మిగతావాళ్ళకు తోచలేదు.

తర్వాత గొంతులో పుండు లేచింది. విరుదునగర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర ఊపిరి పీల్చే రంధ్రం, దాని మీద తెల్లటి నూలుగుడ్డ. అప్పటి నుంచి ఆమె మాటలను పెదవుల కదలికను బట్టి తెలుసుకోవడమే.

ఆ ఏడే చర్చికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. పాత సంగతి ఎవరో చెప్పగా విని, మా ఇంటికి వచ్చి, కోత పండుగ నాడు పీఠం దగ్గర పాడాలని ఆమెను అడిగారు. ఆపరేషన్ సంగతి ఆయనకు తెలియదు. పెద్దమ్మ గుడ్డ తొలగించి చూపించింది. ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆయన వెళ్ళాక ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. జీవితమంతా ఎదురుచూసిన పిలుపు గొంతు పోయాక వచ్చింది.

గొంతు తిరిగి ఇవ్వమని దేవుణ్ణి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె మనసులోని ముల్లు తీయమని మాత్రం ప్రార్థించాను.

కోత పండుగ ఆదివారం ఉదయం చర్చి నిండింది. సజ్జ కంకులు, గుమ్మడికాయలు పీఠం చుట్టూ పేర్చారు. పక్కనే అయ్యగారి గది, దాని వాకిలికి నీలం తెర. హార్మోనియం దగ్గర దానియేలు మామ. ఒకప్పుడు నాటకాల్లో పెద్దమ్మకు వాయించినవాడే. అయ్యగారు పాట ప్రకటించారు. మామ వరస ఎత్తాడు.

అప్పుడు ఆ తెర వెనక నుంచి గొంతు వచ్చింది.

మొదట మాటలు లేవు. ఒక పొడుగాటి రాగం. ఆ గొంతు వింటూ నేను పెరిగాను. చప్పున పక్కకు చూశాను. పెద్దమ్మ పెదవులు మూసి ఉన్నాయి. మెడ మీది గుడ్డ ఊపిరికి మెల్లగా కదులుతోంది. కళ్ళు తెర మీద ఉన్నాయి.

మగవాళ్ళకు అందేలా కింది శ్రుతిలో మొదలైన హార్మోనియం పైకి ఎక్కింది. గాయకబృందం ఆగిపోయింది. అయ్యగారు తల తిప్పి తెర వైపు చూశారు.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. “ఒంటిగా ఉండాది,” అన్నాయి ఆమె పెదవులు.

లేచి, పక్క వాకిలి గుండా వరండాలోకి, అటునుంచి అయ్యగారి గది వైపు వెళ్ళింది. పాట మొదటి చరణం దగ్గరికి వచ్చేసరికి తెర తొలగింది. పెద్దమ్మ కొంగు దోపుకుని, కుడికాలు ముందు పెట్టి, వేదిక మీదికి వచ్చినట్టే వచ్చింది. సజ్జ కంకుల మధ్య చేతులు జోడించి నిలబడింది. చరణం ముగిశాక గొంతు దానంతటదే ఆగింది. సంఘమంతా అందుకుంది. అందరితో పాటు పెద్దమ్మ పెదవులు కదిలాయి. ఆ చర్చిలో అవి పాటకు కదలడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆరాధన అయ్యాక ఆ గది వెతికాను. గుమ్మడికాయలు, అయ్యగారి గొడుగు. టేపు లేదు, స్పీకరు లేదు. తాను వెళ్ళినప్పుడూ అక్కడ ఎవరూ లేరని పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

“శ్రుతి యాల మారిస్తిరి మామా?” అని అడిగాను.

“నేను యాడ మారిస్తిని? అక్క యెత్తితే యేళ్ళు అవే పోతాయి గదా!” అన్నాడు. అన్న తర్వాత గాని ఆయనకు గుర్తు రాలేదు. పెద్దమ్మ మెడ వైపు చూసి హార్మోనియం మూత వేశాడు.

గాయకబృందంలోని పిల్ల పాడిందని కొందరన్నారు. ఆ పిల్ల కాదంది. ఆత్మలను పరీక్షించమని వాక్యం నేర్చుకున్నదాన్ని, చాలా రోజులు పరీక్షించుకున్నాను. భయపెట్టేది ఏదీ అందులో దొరకలేదు.

ఇంటికి నడుస్తూ పెద్దమ్మనే అడిగాను. ఆమె ఆగి, నేను పెదవులు చూసేలా తిరిగింది.

“గొంతు నాదే. పాడింది నేను కాదు.”

మరుసటి కోత పండుగకు ఆమె లేదు. విరుదునగర్ ఆసుపత్రిలో, పగటి వెలుగులో, నా చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజు పాడిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలు అడిగితే తెలియదనే చెబుతాను. ప్రతి కోత పండుగకూ ఆ నీలం తెర వైపు చూస్తాను. ఏమీ వినబడదు. వినబడదని నాకు తెలుసు. ఆ గొంతును ఒంటిగా వదిలి వెళ్ళే మనిషి కాదు మా పెద్దమ్మ.