పెద్దమ్మ ఒక్కతే లేచిన సాయంత్రం

ఆ రోజుల్లో, సునామీ వచ్చిన కొన్ని నెలలకు, చుట్టూ ఏదీ ఉన్నచోట ఉండని కాలంలో, ఇంగ్లీషు వ్యాకరణం మాత్రం చెక్కుచెదరలేదని నాకు గొప్ప ధైర్యంగా ఉండేది. మా దీవిలో, డిగ్నాబాద్‌లోని తెలుగు చర్చి వరండాలో సాయంత్రాలు ఆడవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. కర్త ఒక్కరైతే క్రియ చివర ఎస్ రావాలి, పలువురైతే రాకూడదు. ఇది బుర్రకెక్కడానికి ఒక పద్ధతి కనిపెట్టాను (కనిపెట్టానని ఊరంతా చెప్పుకున్నాను కూడా). ఒకరే లేచి తన పేరుతో చెబితే 'లివ్స్', ఇద్దరు లేస్తే 'లివ్'. ఈ లేవడాల్లో బెంచీ ఒరిగి, చివర కూర్చున్న మా వదిన తరచూ కిందపడేది.

లొంగనిదల్లా మా పెద్దమ్మ. వరండాలో అందరికీ ఆవిడ పెద్దమ్మే. పెద్దనాన్న సునామీ వచ్చిన ఉదయం పడవలో వెళ్లి తిరిగి రాలేదు. సిప్పీఘాట్‌లో పొలం ఉప్పునీటి కింద ఉండిపోయింది. ఒక బళ్లో ఆయా పని ఉందన్నారు, కాని నలుగురి ముందు లేచి తన గురించి ఇంగ్లీషులో ఒక మాట చెప్పాలి. ఆ పని దొరక్కపోతే ఆవిడకు మరో దారి లేదు. నేను లేవమంటే మాత్రం పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆమెను కూడా తనతో లేపేది.

"ఒక్కదానివే లే, పెద్దమ్మా!"

"ఎప్పుడైనా ఒక్కదాన్నే లేచానేటిరా? చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు మీ పెద్దనాన్నే లేపేవోడు. ఆయన చెప్పేవోడు, నాను పక్కన నిలబడేదాన్ని."

"ఛోడో నా, వదిలెయ్ మాస్టర్‌జీ," అంది వదిన. "ఇద్దరం పోతాం. ఒక్క జీతమే ఇమ్మను!"

అందరూ నవ్వారు, పెద్దమ్మతో సహా. నేను నవ్వలేదు (మాస్టార్లు నవ్వకూడదనుకునేవాణ్ణి).

ఇంటర్వ్యూ ముందు రోజు ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బెంచీ అంచు పట్టుకుని లేచింది. తర్వాత, "పెద్దమ్మ లివ్ ఇన్ డిగ్నాబాద్," అంది.

తప్పని చెప్పడానికి నేను సుద్దముక్క ఎత్తేలోగా పక్కావిడ లేచి నిలబడింది. తర్వాత వదిన. తర్వాత వరండాలో ఉన్న అందరూ.

"అబ్ ఠీక్ హై? సరిపోయిందా?" అంది వదిన.

సరిపోయింది. మర్నాడు పెద్దమ్మ ఒక్కతే వెళ్లి పని తెచ్చుకుంది (అక్కడ హిందీలోనే అడిగారట). ఆ సాయంత్రం వాళ్లు చేసినదేమిటో నాకు అర్థమైంది చాలా ఏళ్లకు, మా ఇంట్లోనూ ఒకరు లేకుండా పోయాక. అప్పటి కుర్ర మాస్టారు మాత్రం, తన పద్ధతి అందరికీ పట్టుబడిందని, దారి పొడవునా ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాడు.